ఒళ్లో బిడ్డ ఉన్న కూజా

నువైద్రాత్, బహ్రెయిన్
14 నవంబరు 2025

పూజ్యురాలైన అక్క సాయికుమారికి చెల్లెలు సత్యదుర్గ నమస్కరించి రాస్తున్నది. నేను బాగున్నాను. ఇక్కడ ఎండలు తగ్గాయి, నా దగ్గూ తగ్గింది. నీ మోకాలి నొప్పి సంగతి ఫోనులో అడిగితే దాటేస్తావు కాబట్టి ఉత్తరంలో అడుగుతున్నాను.

ఈ నెల మా కంపెనీవాళ్లు నన్ను మనామాలో ఒక ప్రదర్శనశాలకి క్లీనింగ్ డ్యూటీ మీద పంపారు. పెరూ అనే దేశం నుంచి తెచ్చిన పాత వస్తువులు అక్కడ పెట్టారు. వాటిలో ఒక మట్టి కూజా ఉంది. ఆండీస్ కొండల దగ్గర, వెయ్యేళ్లు దాటిన సమాధిలో దొరికిందట. మన కుండలా ఉండదక్కా. ఒక ఆడమనిషి కూర్చుని, చంటిపిల్లని ఒళ్లో పొదువుకున్నట్టు చేశారు. నీళ్లు పోసే మూతి ఆమె తల వెనక ఉంది. పిల్ల ఆమె ముఖంలోకే చూస్తోంది. ఆమె మాత్రం ఎవరో వస్తున్నట్టు పక్కకి చూస్తోంది.

అద్దం తుడుస్తూ అక్కడే నిలబడిపోయాను. నువ్వే గుర్తొచ్చావు. కొబ్బరి పీచు షెడ్డులో నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని, మేస్త్రి వస్తాడేమోనని గుమ్మం వైపు చూసేదానివి. నీ జాకెట్టుకి అంటిన పీచు వాసన ఇప్పటికీ నా ముక్కుకి తగులుతూనే ఉంది. పోయిన అమ్మని తప్పుపట్టడం కాదు గానీ, ఆవిడ ఒళ్లో పడుకున్న గుర్తు నాకు లేదు. జ్వరమొస్తే నువ్వే, జడ వేస్తే నువ్వే. సంబంధం వచ్చినప్పుడల్లా చెల్లెలు చిన్నదని వద్దన్నావు.

అక్కడి కాపలా మనిషి ముత్తన్నది నిజామాబాద్ వైపు. ఏమైంది చెల్లె, గట్ల నిలబడ్డవ్ అని అడిగాడు. వీళ్లిద్దరూ అక్కాచెల్లెళ్లేమో అన్నాను. ఆయన నవ్వి, గట్ల పట్టుకునేది తల్లే చెల్లె, పిల్ల సూపు జూడరాదూ అన్నాడు. బకెట్టు తీసుకుని బయటికి వెళ్లి ఏడ్చాను.

వచ్చే నెల సెలవు దొరికింది. ఖర్జూరాలు తెస్తాను, వద్దనకు.

నీ ఒళ్లో పెరిగిన
సత్యదుర్గ

తా.క.: నేనిక్కడికి బయలుదేరే ముందు నరసాయమ్మత్త నాకంతా చెప్పింది. నన్ను కన్నది నువ్వేనట. నీకు పెళ్లి కాలేదని, ఊళ్లో మాట పడకూడదని, అమ్మ నన్ను తన బిడ్డేనని చెప్పుకుందట. ఆయనెవరో నేను అడగను. నువ్వు నొచ్చుకుంటావేమోనని ఇన్నాళ్లూ తెలియనట్టే ఉన్నాను. ఇక నావల్ల కాదు. నలుగురిలో అక్కా అనే పిలుస్తాను. తలుపు వేసుకున్నాక ఒక్కసారి అమ్మా అంటాను. పలకవూ?