ఇక్కడ చేపల్లేవు

నాన్నగారికి, ఏలూరు ఈత హాస్టల్ నుంచి కుసుమ. ఒంట్లో బాగానే ఉంది. ఫోనులోనైతే ఏడుపొస్తుందని కార్డు రాస్తున్నాను.

నిన్నటి పోటీలో ఆఖరున వచ్చాను. చేపలు బెదురుతాయని కొల్లేట్లో మీరు నేర్పినట్టే, చప్పుడు కాకుండా కాళ్ళాడించాను. "ఇక్కడ చేపల్లేవమ్మా, గట్టిగా కొట్టు!" అని సారు గట్టు మీంచి అరుస్తూనే ఉన్నారు. అందరూ నవ్వారు. ఆ పూట అన్నం సయించలేదు. ఇవాళ పొద్దున్న ప్రాక్టీసుకి మాత్రం అందరికంటే ముందు నేనే నీళ్ళలో దిగాను.

అమ్మ మోకాలు ఎలా ఉంది? పడవకి తారు పూశారా?

ఓడితే ఇంటికొచ్చెయ్యమన్నారు గానీ, నేను రానండి. వచ్చే ఏడాదికి హాస్టల్ ఫారం సారు మీకు పంపుతారు, సంతకం పెట్టి పంపండి. అమ్మకి నమస్కారాలు. చెల్లికి ఈత నేర్పేటప్పుడు కాళ్ళు గట్టిగా కొట్టనివ్వండి. చేపలు బెదిరితే బెదరనివ్వండి.

మీ కుసుమ