డ్రమ్స్ అమ్మాయికి శాటిన్ చొక్కా

మార్చి 3

అమ్మాయి నన్ను చొక్కా కుట్టిపెట్టమని అడిగింది! తనంతట తానే! కాలేజీలో చేరిన దగ్గర్నుంచి దానికి అన్నీ రెడీమేడే. ఊరందరికీ కుట్టిన టైలర్ని, ఇంట్లో పిల్లకి మాత్రం పనికిరాకుండా పోయాను. ఇవాళ నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

శనివారం ఏదో బ్యాండుతో స్టేజీ మీద డ్రమ్స్ వాయిస్తుందట. గ్యారేజ్ రాక్ అంటారట. వాళ్ళ డ్రమ్మర్ మానేశాడు. ఇది బాగా వాయిస్తే ఆ చోటు దీనికే. తేల్చేది గిటారు వాయించే జులపాలవాడట. నా కూతురి సంగతి తేల్చడానికి వాడెవడు?

నిటారుగా నిలబెట్టి, చేతులు కిందికి వదిలేయమని కొలతలు తీశాను. ఎక్కడా ముడత రాకూడదు.

మార్చి 6

నల్ల శాటిన్. కాలరుకి గట్టి కాన్వాసు. ఒంటికి అచ్చు పోసినట్టు కుదిరింది. అమ్మాయి అద్దంలో చూసుకుని, భుజాలు కాస్త కదిపి, బాగుంది నాన్నా అంది. నా కళ్ళు చెమర్చాయి. మా ఆవిడ మాత్రం, మరీ అంత బిగుతేమిటండీ, పిల్లకి ఊపిరాడొద్దా అంది. ఫిట్టింగ్ సంగతి ఆవిడకేం తెలుసు!

మార్చి 8, పొద్దున్నే

నిన్నటి సంగతి రాసేస్తే గాని కాఫీ గొంతు దిగదు.

పాత కార్ల షెడ్డు. నేను స్టేజీకి ఎదురుగా, మొదటి వరసలో. పక్కన నిలబడ్డ ప్రతివాడికీ ఆ డ్రమ్స్ అమ్మాయి మా అమ్మాయే అని చెప్పాను. అడగనివాళ్ళకి కూడా.

ఏం లాభం? చప్పుడే లేదు. మోచేతులు డొక్కలకి అంటించుకుని, పక్కింటివాళ్ళు లేస్తారేమో అన్నట్టు తట్టింది. మూడో పాటకి జనం ఫోన్లు తీశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇందులో ఏదో ఉంది. జులపాలవాడు మాటిమాటికీ వెనక్కి తిరిగి దాన్ని గుర్రుగా చూశాడు. చెవిలో ఏదో అన్నాడు. ఇది తల అడ్డంగా ఊపింది. సౌండు చూసేవాడి చేతులు కూడా బటన్ల మీద ఊరికే ఉండలేదు. ఇద్దరూ కలిసి పిల్లని తొక్కేస్తున్నారు!

దిగగానే నిలదీశాను. అయ్యో పెద్దాయనా, నేనూ అదే అడుగుతున్నా, ప్రాక్టీసులో గోడల పెచ్చులు రాలగొట్టింది, ఇవాళ ఏమొచ్చిందో మీరే కనుక్కోండి అన్నాడు. వచ్చే శనివారం ఇంకో ఛాన్స్ ఇస్తాడట. ఆఖరిది. మాట తియ్యగా ఉంది. అందుకే నమ్మలేదు.

మార్చి 9

అమ్మాయి నా కళ్ళలోకి చూడడం లేదు. చొక్కా తనే ఉతికి ఆరేసింది. ఇస్త్రీ చేస్తానంటే గబుక్కున లాక్కుంది. జులపాలవాడు బెదిరించాడా? లేక నా కుట్టు చూసి స్నేహితులు నవ్వారా? అడగడానికి భయం వేసింది.

మార్చి 10

మా ఆవిడని గుచ్చి గుచ్చి అడిగితే బయటపెట్టింది.

చేతులెత్తితే చొక్కా చంకల దగ్గర పట్టేస్తోందట. ఇంకాస్త ఎత్తితే పిగిలిపోయేదట. నాన్న ఎదురుగా నిలబడి అంత మురిసిపోతుంటే ఆయన ముందే ఎలా చింపనమ్మా అందట. నాన్నకి చెప్పావంటే నీతో మాట్లాడనని వాళ్ళమ్మ చేత ఒట్టు కూడా వేయించుకుందట.

డ్రమ్స్ వాయించే పిల్లకి, నిలబెట్టి, చేతులు దించి కొలత తీశాను! పెళ్ళికొడుక్కి తీసినట్టు!

జులపాలవాడికి నా తరఫున సారీ చెప్పమని అమ్మాయితో అన్నాను. ఏ విషయానికి నాన్నా అంది. ఊరికే అన్నాను.

మార్చి 11

అమ్మాయికి ఆ చొక్కానే తొడిగించి స్టూలు మీద కూర్చోబెట్టాను. ఎదురుగా బియ్యం డబ్బా బోర్లించి, కొట్టవే, నన్ను చూడకుండా కొట్టు అన్నాను. భయం భయంగా మొదలుపెట్టింది. ఇంతేనా, మీ అమ్మ అప్పడాలు ఒత్తినా ఇంతకంటే చప్పుడొస్తుంది అన్నాను. అంతే! చంక దగ్గర టర్రుమంది. అది నాలుక కరుచుకుంది.

నేను కత్తెర తీశాను.

మార్చి 15

పెచ్చులు రాలాయి! నా చెవులు ఇంకా మోగుతున్నాయి. ఆ చోటు దానిదే.

చొక్కా చేతులు రెండూ మిషన్ మీదే పడున్నాయి. నల్లగా, నిగనిగలాడుతూ, ముడత లేకుండా.