చొక్కా జేబులో పాస్‌వర్డ్

ఆదివారం, బెల్లంపల్లి

ఈరోజూ లాప్‌టాప్ తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ తప్పంటుంది, ఏ మాట తప్పో మాత్రం చెప్పదు. లాప్‌టాప్‌లో వేసుకున్న లైనక్స్ పాస్‌వర్డ్‌గా ఇచ్చిన ఆరు ఇంగ్లిష్ మాటల్లో నాకు నాలుగే గుర్తున్నాయి. మరిచిపోతే ఇంక ఎవరూ తెరవలేరట. అంత భద్రమని ఏరికోరి వేసుకున్నది నేనే. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

బాపు తన గని రోజుల గురించి చెప్పిందంతా అందులోనే రికార్డు చేశాను. "నేను సచ్చేదాక ఎవ్వలకు ఇనిపియ్యకు బిడ్డా" అన్నాడు. అందుకే అంత గట్టి తాళం. పాస్‌వర్డ్ రాసిన కాగితాన్ని, మంచం పట్టాక ఆయన తొడగని చొక్కా జేబులో దాచాను. దాన్ని ఎవరు ముడతారులే అనుకున్నాను.

మొన్న దినాలనాడు బాపు బట్టలన్నీ మూటగట్టి గోదావరిలో వదిలారు. నేనూ ఒడ్డున నిలబడి దండం పెట్టాను. కాగితం గుర్తొచ్చింది ఇంటికొచ్చాకే.

సాయంత్రం, బాపుతో ఇన్నేళ్లు కాపురం చేసిన అవ్వ వచ్చి పక్కన కూర్చుంది.

"మీ బాపు గొంతు జర ఇనిపియ్యరాదె."

ఛార్జింగ్ లేదన్నాను.

"రేపన్న పెడ్తవా?"

పెడతానన్నాను. రేపు ఏమని చెప్పాలి? ఆ మూట కట్టింది అవ్వే.