స్టీలు పెట్టెలో పెట్టాల్సిన అక్షరాలు

చిన్న తరగతులకు అక్షరాలు నేర్పి రిటైరైన టీచరును నేను. ఎవరి బలవంతమూ లేకుండా, నా సొంత దస్తూరీతో, వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటున్న వీలునామా ఇది. మతి స్థిమితంగా ఉందని మొదట్లోనే రాయాలని మా తమ్ముడు చెప్పాడు. వాడు ప్లీడరు. మతి స్థిమితంగానే ఉంది. అయితే ఇప్పుడు రాసిన ఈ వాక్యాన్ని నేనే చదువుకోలేను. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా కుదురుతాయని అడిగితే నాకూ తెలియదు.

పోయిన చలికాలంలో ఒక ఉదయం పేపరు తెరిస్తే ఒక్క అక్షరం పోల్చుకోలేకపోయాను. "ఇదేం భాష పేపరు వేశాడండీ?" అని మా వారిని అడిగాను. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, పొద్దున్నే వేళాకోళాలు గిట్టవు. "రోజూ వచ్చేదేగా," అన్నారు. చూపు బాగుంది, మాట బాగుంది, అక్షరాలే పరాయివైపోయాయి. ఆసుపత్రిలో డాక్టరమ్మ కాగితం ఇచ్చి ఏదైనా రాయమంది. 'నేను బాగానే ఉన్నాను' అని రాశాను. చదవమంది. చదవలేకపోయాను. మెదడులో ఒకచోట రక్తం ఆగిందట. రాసే దారి మిగిలింది, చదివే దారి మూసుకుపోయింది అని చెప్పింది. సోమవారం మెడ పక్క రక్తనాళానికి ఆపరేషను. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. అందుచేత ఈ ఏర్పాట్లు.

1. మేముంటున్న రెండు గదుల ఇల్లు నా స్వార్జితం. నా అనంతరం అది మా వారికి సర్వహక్కులతో చెందాలి, వారి తదనంతరం మా అమ్మాయికి. ఈ వీలునామాలో గందరగోళం లేని అంశం ఇదొక్కటే.

2. ముందుగదిలోని గోడ గడియారం లెక్కల మాష్టారికి దఖలు. మొదటి పీరియడు ఆయనది, అదే గదిలో రెండోది నాది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నా సరే, "ఒక్క లెక్కండీ, అయిపోవచ్చింది," అంటూ బోర్డు వైపు తిరిగిపోయేవారు. సర్వీసంతా నా పీరియడులో ముందుభాగం ఆయనే తినేశారు. గడియారం బాగానే నడుస్తుంది. చూసుకోమనండి.

3. మా స్కూలు వాళ్లు కొత్త భవనం మెట్ల కింద ఒక పెట్టె పూడుస్తున్నారు. వాళ్లు దాన్ని టైమ్ క్యాప్సూల్ అంటారు, మా వారు స్టీలు పెట్టె అంటారు. యాభై ఏళ్ల తర్వాత తీస్తారట. మన కాలంలో పిల్లలు ఎలా చదువుకున్నారో చెప్పే వస్తువులు అందులో పెట్టాలి. వాటిని ఎంచే పని, జబ్బుకు ముందు, నాకు అప్పజెప్పారు. జబ్బు తర్వాత హెడ్‌మిస్ట్రెస్ గారు పళ్లు పట్టుకొచ్చి, "మీకెందుకండీ ఈ శ్రమ, ఇంకెవరికైనా చెబుతాం," అన్నారు. "చదవలేను గానీ ఎంచగలను," అన్నాను. ఆ మాట నిజమో కాదో ఇప్పుడు అనుమానంగా ఉంది.

ముందుగది నిండా సామానే. పలకలు, పూసల చట్రం, గ్లోబు, లెక్కల మాష్టారి చెక్క వృత్తలేఖిని, పాత పిల్లల డ్రాయింగులు, అమ్మాయి తెచ్చిన పాత ఫోను. పొద్దున పెట్టెలో సర్దుతాను, సాయంత్రం తీసేస్తాను. గ్లోబు పెడితే ఇంకేదీ పట్టదు. పైగా దాని మీదున్న ఒక దేశం ఇప్పుడు లేదట. లేని దేశాన్ని పూడ్చడం సబబేనా? ఫోను పెడితే తీసేనాటికి అది వెలుగుతుందా? పలక పెడితే, మనం రాళ్ల మీద రాసుకునేవాళ్లమనుకుంటారేమో. "అక్కా, ఏదో ఒకటి తేల్చు. వీలునామాలో 'చూద్దాం' అని రాయకూడదు," అని తమ్ముడు విసుక్కున్నాడు. రాయకూడదని తెలుసు. కాని చూద్దామనే ఉంది.

దానికి తోడు అమ్మాయి ఇంకో చిక్కు తెచ్చిపెట్టింది. "అమ్మా, అప్పటి పిల్లలు అన్నీ ఫోను చదివిపెడితే వింటారేమో. పెట్టె తీసేవాళ్లకి మన అక్షరాలు వస్తాయో రావో," అంది. ఆ రోజంతా నేను అన్నం సరిగా తినలేదు. అక్షరాలు కళ్లెదుట ఉండి కూడా తెలియకపోవడం ఎలా ఉంటుందో ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

4. గరుకు కాగితపు అక్షరాల విషయం. వడ్రంగులు చెక్కను రుద్దే కాగితాన్ని అక్షరాల ఆకారంలో కత్తిరించి, అట్టల మీద అంటించి, పిల్లల చేత వేలితో దిద్దించేదాన్ని. వాటిని పెట్టెలో పెట్టాలని అన్నిటికంటే ముందు ఎంచాను. ఆసుపత్రి నుంచి వచ్చాక మా వారు వాటినే బయటికి తీశారు. నా చూపుడువేలు పట్టుకుని 'క' మీద తిప్పారు. కంటికి తెలియనిది వేలికి తెలిసింది. "క," అన్నాను. ఆయన వెంటనే లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు. చాలాసేపు కుళాయి నీళ్ల చప్పుడు వినిపించింది, గిన్నెలు మాత్రం అలాగే ఉన్నాయి.

అప్పటి నుంచి రోజూ పాఠమే. ఆయనకు ఓపిక ఎక్కువ, పద్ధతి తక్కువ. వరసలో చెప్పరు, చేతికి దొరికిన అట్ట ముందుకు తోస్తారు. "మళ్లీ దిద్దు టీచరమ్మా," అంటుంటే ఒళ్లు మండుతుంది. అయినా ఇప్పుడు చిన్న మాటలు వేలితో చదవగలుగుతున్నాను. ఆ అట్టలు పెట్టెలోకి వెళితే నాకు చదువు లేదు. నా దగ్గర ఉంటే, పెట్టె తీసేవాళ్లకు లేదు. ఎవరిది ఎక్కువ అవసరమో చాలా రోజులు తేల్చుకోలేకపోయాను. చివరికి మా వారే, "రెండో జత చేద్దాం. నువ్వు గియ్యి, నేను కత్తిరిస్తా," అన్నారు. ఎదురింటి దర్జీ కత్తెర ఇచ్చారు. గరుకు కాగితానికి అది మొద్దుబారింది. నేను లేకపోతే, సాన పట్టించి తిరిగివ్వడం మా తమ్ముడి బాధ్యత. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా వాడిదే.

ఇందుమూలంగా తేల్చింది: పాత జత మా వారి దగ్గర ఉంటుంది, కొత్త జత పెట్టెలోకి. మిగతా చోటులో ఏం పెట్టాలో లెక్కల మాష్టారు, అమ్మాయి పోట్లాడుకుని నిర్ణయించవచ్చు. గ్లోబు వద్దు. లేదా ఉండనీ. నాకు తెలియడం లేదు.

5. నా నవలలన్నీ అమ్మాయికి. సాయంత్రాలు అదే చదివి వినిపిస్తోంది. ఎవరైనా చనిపోయే ఘట్టం వస్తే దాటేస్తుంది, నాకు తెలియదనుకుంటుంది. నిన్నటి నవలలో తాతగారు ఇంకా బతికే ఉన్నారు, ఆయన ఆస్తి మాత్రం పంచేసుకున్నారు. అలాగే చదవనీ. ఎవరూ దిద్దవద్దు.

6. కొత్త జత సగం వరకే వచ్చింది. కత్తిరించడం మా వారికి వచ్చు, గీయడం రాదు. అందుకని ఈ రోజు పొద్దున కూర్చుని మిగిలిన అక్షరాలన్నీ గరుకు కాగితం వెనకవైపు గీసిపెట్టాను. వెనక గీసేవి తిరగేసి గీయాలి, అప్పుడే ముందువైపు సరిగ్గా వస్తాయి. ఇదివరకు కంటితో చూసి సరిచూసుకునేదాన్ని. ఇప్పుడు తిరగేసినదీ సరైనదీ నాకు ఒకేలా కనిపిస్తాయి. చేతిని నమ్మి గీశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో నాకు తెలియదు. కత్తెర పెట్టే ముందు ఆయన ఒక్కొక్కదాన్నీ వెలుగుకు ఎత్తి పట్టుకుని, ముందువైపు నుంచి వేలితో దిద్ది చూడాలి. వేలు తడబడిన చోట ఆగిపోవాలి. నేను వస్తే మళ్లీ గీస్తాను. రాకపోతే ఆ ఒక్క అక్షరం లేకుండానే పెట్టెకు మూత వేయవచ్చు.

జూన్ నెల పద్నాలుగో తేదీ, శనివారం.

(చేవ్రాలు)
అక్షరాల టీచరు

పై వీలునామాను ఆమె కూతురు మా ఎదుట మొదటి నుంచి చివరిదాకా ఆమెకు చదివి వినిపించగా, ఆమె విని, అయిదో అంశం దగ్గర నవ్వి, సమ్మతించి, మా సమక్షంలో సంతకం చేశారు.

సాక్షులు:
ఎదురింటి దర్జీ
పై వాటాలో ఉండే నర్సు