పొణికి కర్రతో చెక్కిన ముద్ర

1998 జూన్ 9
గోడ నడుము దాకా లేచింది. వెనక స్థలం సుబ్బారాయుడు గోడౌను కడుతున్నాడు. మా షెడ్డుకు వచ్చే సందు కూడా తనదేనట. ఇరవై ఏళ్ళుగా పొణికి కర్ర బండి వచ్చింది ఆ సందులోంచే. కర్ర రాకపోతే బొమ్మలెక్కడివి, నేనెక్కడ...
"భుజాన మోసుకో" అన్నాడు.
"నీ లారీలు కూడా భుజాల మీదే వస్తాయా?"
మేస్త్రీ నవ్వాడు. గోడ మాత్రం ఆగలేదు.

జూన్ 15
బెజవాడ వెళ్ళి దావా వేశాను. ఎనిమిదో తరగతి తప్పినవాణ్ణి, ఇప్పుడు కాగితం మీద 'వాది'ని. ఆ మాట మూడుసార్లు చదివించుకున్నాను. ప్లీడరు గారు విసుక్కున్నారు.

జూలై 2
జడ్జి గారు అడిగింది ఒక్కటే — షెడ్డు స్థలం ఎవరి పేరున ఉంది?
నాతోపాటు బొమ్మలు చెక్కే నేస్తం మస్తాన్ పేరున.
మరి మీరెవరు?
...ఇరవై ఏళ్ళు అందులో కూర్చుని బొమ్మలు చెక్కినవాణ్ణి. అది కాగితంలో లేదు.
బయటికొచ్చాక ప్లీడరు గారు — "సందు హక్కు షెడ్డు స్థలం గలాయనదండీ. ఆయన వచ్చి అడగాలి. మీకు దావా వేసే అర్హత లేదు." మస్తాన్‌ని కూడా వాదిగా చేర్చడానికి ఇరవై ఎనిమిది దాకా వాయిదా ఇచ్చారు. వకాలత్ మీద అతని సంతకం తేకపోతే కొట్టేస్తారు.

జూలై 3
స్థలం ఇద్దరం కలిసే కొన్నాం. రిజిస్ట్రేషన్ రోజున పేరు వద్దన్నది నేనే. పన్ను, నోటీసులు, ఆఫీసుల చుట్టూ తిరుగుడు — అన్నీ మస్తాన్ నెత్తిన పడతాయి, నేను చూసి నవ్వుకోవచ్చని. ఏళ్ళ తరబడి నవ్వాను కూడా.
నవ్వు.

జూలై 6
రాయక తప్పదు. మూడేళ్ళ కిందట పొణికి కర్ర మీద కోర్టు ముద్ర చెక్కాను. బాగా కుదిరింది. సుబ్బారాయుడు దావా వేసినట్టు సమన్లు రాసి, ముద్ర కొట్టి, మస్తాన్‌కి పోస్టు చేశాను. సాయంత్రానికి చెప్పేద్దామనుకున్నాను. మొహం చూస్తే ఇంకొక్క రోజు ఆగుదామనిపించింది. అలా వారం.
వాళ్ళమ్మ మూడు రోజులు రోజా ఉపవాసం ఉంది. వీడు ఇస్త్రీ చొక్కా వేసుకుని బెజవాడ కోర్టు వరండాలో పొద్దుగూకేదాకా నిలబడ్డాడు, పేరు పిలుస్తారని. చివరికి గుమస్తా కాగితం చూసి, ముద్ర దొంగదని నవ్వి, నలుగురికీ చదివి వినిపించాడట.
మర్నాడే ఉలి, ఆకురాయి తీసుకుని గుణదలలో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయాడు. షెడ్డు తాళం నాకు ఇచ్చాడు.

జూలై 14
గుణదల వెళ్ళాను. గుమ్మంలోనే నిలబెట్టాడు.
"ఏరా మస్తానూ."
"చెప్పండి వెంకటేశ్వర్లు గారూ."
అండీ. పదేళ్ళప్పటినుంచి నన్ను ఒరేయ్ అన్న నోరు. తిట్టినా బాగుండేది.
గోడ సంగతి చెప్పాను, వకాలత్ ఇచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ప్లీడరు గారి ముద్ర మీద బొటనవేలితో రుద్దాడు. వాసన చూశాడు.
"ఇది ఏ కర్రండీ?"
లోపలినుంచి వాళ్ళమ్మ — "ఎవర్రా?"
"ఎవరూ కాదమ్మా."
జడ్జి గారు కూడా అదే అన్నారు. ఆయన కాస్త పొడుగ్గా చెప్పారు, అంతే.
కాగితం మాత్రం ఉంచుకున్నాడు.

జూలై 20
గోడ నా తలను దాటింది.

జూలై 27
వాయిదా రేపు. ప్లీడరు గారు కబురు పంపారు. నిన్న మస్తాన్ వకాలత్ పట్టుకుని వాళ్ళ ఆఫీసుకే వచ్చాడట. ఇస్త్రీ చొక్కా. "ఈ ముద్ర మీదేనాండీ?" అన్నాడట. "మాదేనయ్యా" అన్నారట ఈయన. చాలాసేపు ఆయన మొహంలోకే చూసి అడిగాడట —
"అలా చెప్పమని వెంకటేశ్వర్లు చెప్పాడా?"
సంతకం పెట్టలేదు. కాగితం తిరిగి ఇవ్వనూ లేదు. మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడట.
ఈ సాయంత్రం బండివాడు కర్ర తెచ్చి గోడ అవతలే దించేసి పోయాడు. వాన పడుతోంది. ఇవతల నుంచి వింటున్నాను... తడిసిన పొణికి మీద చప్పుడు వేరుగా ఉంటుంది.