పోచమ్మ పసుపు కడగనన్నాను

గురువారం, రాత్రి

ఫోటో చూసి అది ఏ రాయో చెప్పేలా స్వాతి కంప్యూటర్‌కు నేర్పుతోంది. కాలేజీ ప్రాజెక్టు. ఈరోజు మా ఇంటి గడప ఫోటో చూపిస్తే, టేకు చెక్కను పట్టుకుని గ్రానైట్ అంది. నాకు నవ్వు ఆగలేదు. నా బిడ్డ మాత్రం తల పట్టుకుంది. అది నేర్చుకున్న గ్రానైట్ ఫోటోలన్నీ చుట్టుపక్కల పసుపు పూసిన పోచమ్మ, మైసమ్మ రాళ్లవేనట. అందుకే పసుపు ఎక్కడ కనబడినా గ్రానైట్ అంటోందట.

"అమ్మా, మన చేన్ల పోచమ్మను జర కడుగుదమే. ఫోటో దిగి మల్ల పసుపు పూస్త."

"వద్దు బిడ్డా."

"వానకు తడుస్తలేదా?"

"వాన నీ లెక్క గీకదు. మిషన్‌కు గుర్తువట్టరాకుంటే తల్లి బొట్టు తీయాల్నా? గుట్ట మీద ఉత్త రాళ్లు లేవా?"

"గీ ఎండల గుట్ట ఎవరెక్కుతరే? రేపే సారుకు చూపియ్యాలె. మార్కులు పోతె నీదే పాపం!"

"నాదే, పో."

అన్నం తినకుండా పడుకుంది. నిజంగానే మార్కులు తగ్గితే... తగ్గనీ.

ఆయన పోయిన పదో రోజున నలుగురూ చేరి నా బొట్టు తుడిచారు. అప్పుడు నోరెత్తలేదు నేను.

రేపు పొద్దున్నే చేనుకు వెళ్లి తల్లికి దట్టంగా పసుపు పూస్తాను, బొట్టు పెడతాను. కుంకుమ అంటిన వేలిని ఈసారి కొంగుకు తుడుచుకోను. నా నుదుటికే పెట్టుకుంటాను. చూసేవాళ్లు చూడనీ.