ఎర్ర గీత మందం

జూన్ 17, 1999
మ్యాపు మీద నియంత్రణ రేఖ మళ్ళీ గీశాను. ఎర్ర పెన్సిల్ సన్నగా చెక్కి గీశాను. బ్రిగేడ్‌లో నా పని ఇదే. ఈ గీత మనవాళ్ళెవరూ దాటకుండా చూడడం.

సాయంత్రం
కేదార్ రౌతేలా వచ్చాడు. శత్రువు పట్టుకు కూర్చున్న నల్ల శిఖరం ఎక్కాల్సింది వాడి కంపెనీయే. మా ఇద్దరి ఊరూ పిథోరాగఢ్. వాడికి నేను మేజర్‌ని కాను, దాజ్యూని, పెద్దన్నని. శిఖరం వెనక ఎండిన వాగొకటి ఉంది దాజ్యూ, నలభై మీటర్లు గీత దాటితే చాలు, వాళ్ళను నిద్రలోనే పట్టేస్తాం అన్నాడు. ఎదురుగా ఎక్కితే మాత్రం మేం గోడ మీద బల్లులమే, ఒక్కొక్కణ్ణీ రాల్చేస్తారు అన్నాడు.

జూన్ 18
బ్రిగేడియర్‌ను అడిగాను. ఒక్క బూటు కూడా అటు పడకూడదన్నారు. మనం దాటనంతకాలం లోకం మనవైపు ఉంటుంది, యుద్ధం ఈ కొండల్లోనే ఉంటుంది, దాటామా, రేపు పంజాబ్ మొత్తం అంటుకుంటుందయ్యా అన్నారు. నిజమే. స్టాఫ్ కాలేజీలో ఇదే ఇరవై పేజీలు రాసి శభాష్ అనిపించుకున్నాను.

కేదార్‌కు అదంతా చెప్పాను. అయితే ఆ ఇరవై పేజీలూ ఇటివ్వండి దాజ్యూ, చొక్కాలో పెట్టుకుంటా, తూటా ఆపుతాయేమో అన్నాడు. నా టీ కూడా వాడే తాగేసి వెళ్ళాడు.

జూన్ 20
శిఖరం మనదైంది. తొమ్మిదిమంది పోయారు. కేదార్ కనపడలేదు.

మధ్యాహ్నం
కనపడ్డాడు. గ్రెనేడ్ దెబ్బకు వెనక వాలులో జారి ఆ వాగులోనే పడ్డాడట. ప్రాణం లేదు. గీతకు అటు, నలభై మీటర్లు. వాడి కంపెనీ సుబేదార్ కార్కీ వైర్‌లెస్‌లో ఒకటే గోల. మా సాబ్‌ను కుక్కలకు వదిలేయమంటారా, ఒక్క తాడేస్తే లాక్కొచ్చేస్తాం, పర్మిషన్ ఇప్పించండి అని.

బ్రిగేడియర్ మ్యాపు ముందుకు వచ్చారు. గీత మరీ సన్నగా ఉందయ్యా, మొద్దు పెన్సిల్‌తో దిద్దు అన్నారు. దిద్దాను. మ్యాపు మీద మిల్లీమీటరంటే నేల మీద యాభై మీటర్లు. కేదార్ గీత లోపలికి వచ్చేశాడు. వాగు కూడా వచ్చింది.

ఇప్పుడు దాటినట్టు కాదుగా అన్నారు. కాదు సార్ అన్నాను.

జూన్ 21
కేదార్‌ను దించారు. ఎడమకాలి బూటు లేదు.
మొన్ననే మొద్దు పెన్సిల్‌తో గీసి ఉంటే? అనుకున్నాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. రొట్టె తిన్నాను.

జూన్ 22
రేపు పక్క శిఖరానికి ఇంకో కంపెనీ వెళ్తుంది. కొత్త మ్యాపు వచ్చింది. బ్రిగేడియర్ పెన్సిల్ చెక్కమన్నారు.
చెక్కాను.